పదో తరగతికి రాని పిల్లలు

నేను ఏలూరులో ఒక మున్సిపల్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు తాడేపల్లిగూడెంలో. రోజూ రైల్లో రాకపోకలు. ఈ బడికి బదిలీ అయినప్పుడు తెలిసినవాళ్ళంతా సంతోషించారు. "మంచి బడి దొరికిందండీ మీకు. టెన్త్‌లో ఏటా దాదాపు అందరూ పాసే" అన్నారు. గేటు పక్కన ఫ్లెక్సీ కూడా అదే మాట చెప్పేది.

తొమ్మిదో తరగతికి పాఠం మొదలుపెట్టాక నాకు ఆ ఫ్లెక్సీ మీద నమ్మకం పోయింది. ఆటో నడిపేవాళ్ళ పిల్లలు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, తివాచీలు నేసే ఇళ్ళ పిల్లలు, ఫీజు కట్టలేక ప్రైవేటు స్కూలు మానేసి వచ్చినవాళ్ళు, అందరూ ఉండేవారు. వెనక బెంచీల్లో ఎక్కువగా కొల్లేరు వైపు పిల్లలు. తల్లిదండ్రులు చేపల చెరువుల మీద కాపలా ఉంటే, వీళ్ళు పట్నంలో అమ్మమ్మ దగ్గరో, హాస్టల్లోనో ఉండి చదివేవారు. చాలామందికి భిన్నాల కూడికే రాదు. ఇలాంటివాళ్ళు ఒక్క ఏడాదిలో పబ్లిక్ పరీక్ష ఎలా గట్టెక్కుతున్నారు?

జూన్‌లో బడి తెరిచాక జవాబు దొరికింది. పదో తరగతి గదిలో వెనక బెంచీలు సగం ఖాళీ.

స్టాఫ్ రూంలో ఎవరిని అడిగినా ఒకటే మాట. "వలస పోయారండీ, చెరువుల దగ్గరికి." అందరూ ఒకేలా, ఆలోచించకుండా చెప్పడం నాకు నచ్చలేదు. వలసే అయితే, ఆ ఊళ్ళనుంచే వచ్చి బాగా చదివే పిల్లలు ఎందుకు వెళ్ళలేదు? వలస మార్కులు చూసుకుని వస్తుందా?

వెళ్ళిపోయినవాళ్ళలో ఒకమ్మాయి ఉంది. లెక్కల్లో బాగా వెనకబడినా ఒక్కరోజు బడి మానేది కాదు. వేసవి సెలవుల ముందు నా దగ్గరికొచ్చి, "టెన్త్‌లో కూడా మీరే చెప్తారా మేడం?" అని అడిగింది. అలా అడిగిన పిల్ల తనంతట తాను బడి మానేసిందంటే నేను నమ్మలేదు. వాళ్ళ అమ్మమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆమెనడిగి చిరునామా తెలుసుకుని, ఒక ఆదివారం ఆకివీడు వెళ్ళాను. అక్కణ్ణుంచి ఆటోలో చెరువు గట్ల వెంబడి వెళ్తే వాళ్ళ పాక వచ్చింది.

ఏలూరు బడినుంచి వచ్చానని చెప్పగానే తండ్రి ముఖం మారిపోయింది.

"మళ్ళీ ఏం కావాలండీ? మీరు చెప్పినట్టే టీసీ తీసేసుకున్నాం కదండీ."

"ఎవరు చెప్పారండీ తీసుకోమని?"

"మేడం గారే ఫోన్ చేశారు కదండీ. అమ్మాయి టెన్త్ తప్పుతుంది, ఆడపిల్ల తప్పితే నలుగురిలో నామోషీ, ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టించండి, ఎవరికీ తెలీదన్నారు. మీరు కాదాండీ?"

"నేను కాదండీ."

ఆయన నమ్మలేదు. పాకలోంచి వచ్చిన భార్య, "ఎవరు పంపితే వచ్చారో కనుక్కో" అని మెల్లగా అంది. నాకు వినపడింది. అమ్మాయి చేతులకి చేపల మేత పిండి అంటుకుని ఉంది. తల ఎత్తకుండా అడిగింది: "నాకింక లెక్కలు రావని మీరే చెప్పారంట కదా మేడం?"

నా మాటగా ఎవరో ఆ పిల్లకి చెప్పారు. ఆ ఫోన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించమన్నాను. తండ్రి వెనకాముందూ ఆడి చూపించాడు. ఆ నంబరు నా ఫోన్‌లో నొక్కితే మా తెలుగు టీచర్ పేరొచ్చింది. రోజూ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని తన కూర నా కంచంలో వేసే మనిషి.

మర్నాడు భోజనాల దగ్గర ఆవిడనే అడిగాను. ఆవిడ కంగారు పడలేదు.

"వాళ్ళు మీ చర్చి వాళ్ళాండీ?"

"కాదండీ."

"మరి మీకెందుకండీ అంత? హెచ్చెమ్ గారు చెప్పమన్నారు, చెప్పాను. రిజల్ట్ తగ్గితే మెమోలు మనకే కదండీ వచ్చేది. అయినా, పిల్లలు తప్పేది మీ సబ్జెక్టులోనేగా."

ఆఖరి మాట అబద్ధం కాదు. నిజంగానే లెక్కల్లోనే తప్పేవారు.

హెచ్చెమ్ గారు నా మాటంతా విని, టీ తెప్పించారు. "మేం ఎవర్నీ పొమ్మనలేదండీ. మంచి సలహా ఇచ్చాం. సంతకాలు వాళ్ళే పెట్టారు" అన్నారు, ఎంతో మర్యాదగా. డీఈఓ ఆఫీసు ఈ ఊళ్ళోనే ఉందండీ, వెళ్ళి ఇదే చెప్తానన్నాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టి, "మీ బాధ్యత మీద చేర్చుకుంటాను" అన్నారు.

కబురు చేస్తే తండ్రి, మా మీద నమ్మకం లేక, కూతుర్ని తనే వెంటబెట్టుకొచ్చాడు. మళ్ళీ చేరేదాకా గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వెళ్ళిపోయిన మిగతావాళ్ళలో ఇద్దరే తిరిగొచ్చారు. కొందరి ఇళ్ళు ఎంత వెతికినా దొరకలేదు.

ఆ ఏడాదంతా నేను స్టాఫ్ రూంలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. సాయంత్రం రైలు వదులుకుని, బస్సులో ఆలస్యంగా ఇల్లు చేరుతూ, ఆ ముగ్గురికీ భిన్నాల దగ్గర్నుంచి చెప్పాను. అమ్మాయికి నా మీద అనుమానం చాలాకాలం పోలేదు. లెక్క తప్పు చెప్తే పుస్తకం వైపు కాకుండా నా ముఖం వైపు చూసేది. సంక్రాంతి సెలవులు దాటాక ఒకరోజు, "ఇది మీరే తప్పు వేశారు మేడం" అని బోర్డు మీద చూపించింది. నిజమే. ఆ రోజు బస్సు లేకపోయినా నేను నడిచే ఇంటికి వెళ్ళగలిగేదాన్ననిపించింది.

పరీక్షలో ఆమె లెక్కలు తప్పింది, మిగతావన్నీ పాసైంది. సప్లిమెంటరీలో లెక్కలూ గట్టెక్కింది. ఇప్పుడు కైకలూరులో ఇంటర్ చదువుతోంది. మిగిలిన ఇద్దరిలో ఒకడు పాసయ్యాడు, ఇంకొకడు మధ్యలోనే రొయ్యల ప్యాకింగ్ పనికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది మా గేటుకి ఫ్లెక్సీ కట్టలేదు.

బదిలీల్లో హెచ్చెమ్ గారు వెళ్ళి కొత్తాయన వచ్చారు. చేరిన రోజే నన్ను పిలిచి నవ్వుతూ అడిగారు: "మేడం గారూ, తొమ్మిదిలో వీక్ పిల్లలు ఎవరెవరండీ?"

నేను కూర్చోకుండానే అడిగాను: "ఎందుకండీ?"