చాయ్‌తో పాటు గోలీ

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు నార్సింగి బస్సు కండక్టరు తెచ్చాడు. మెహదీపట్నంలో నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సు ఆపి, దిగి వచ్చాడు. "మీ అత్త ఇగ లేదమ్మా. తెల్లారంగ పాణం పోయింది. ఇదే బండెక్కు" అన్నాడు. ఎక్కాను. దారిలో ద్రాక్షతోటలు మొదలయ్యేసరికి ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె బతుకంతా ఆ పందిళ్ల కిందే గడిచింది.

తల్లి లేని నన్ను పెంచింది ఆమే. తోటలో ఆడవాళ్ల జట్టుకు పెద్ద. కొమ్మల కత్తిరింపు మొదలైతే పొద్దంతా చేతులు పైకెత్తి, మెడ వెనక్కి వంచి పని చేయాలి. "దేవునికి గూడ గింతసేపు చేతులెత్తి మొక్కలే పిల్లా" అని నవ్వేది. భుజాలు పీకుతున్నాయని ఎవరైనా మూలిగితే, "నొప్పి ఉన్నదంటే బతికున్నట్టే. నొప్పి లేనోళ్లంత బొందలగడ్డల పండుకున్నరు" అనేది. ఆ మాటకు అందరూ నవ్వి లేచేవారు.

నవ్వుతోనే లేచేవారా? కాదు. తోట గేటు దగ్గర చాయ్ బండి ఉండేది. అక్కడ చాయ్‌తో పాటు నొప్పి గోలీ ఇచ్చేవారు. బిస్కెట్ అడిగినట్టు గోలీ అడిగేవారు ఆడవాళ్లు. మా అత్త కొంగు ముడిలో వక్కలతో పాటు ఎప్పుడూ నాలుగు గోలీలు ఉండేవి, కొత్తగా పనికొచ్చిన పిల్లలకు పంచడానికి. అది ఆమె మంచితనం. ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

ఒక ఎండాకాలం ఆమె ముఖం ఉబ్బింది. తర్వాత కాళ్లు ఉబ్బాయి. పెళ్లినాటి వెండి కడియాలు చర్మంలోకి దిగిపోతే, కంసాలిని పిలిచి కోయించాల్సి వచ్చింది. కడియాలు తెగినందుకు ఏడ్చింది గానీ వాపు గురించి కాదు. నేను పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఉప్పు మానేయమన్నారు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారామ్మా?" అని అడిగారు.

"ఏ మందు ముట్టలే సారూ. మా ఇంట్ల మందులు ఏసుకునే అలవాటే లేదు" అంది అత్త. అబద్ధం కాదు. ఆమె లెక్కలో మందంటే సీసాలో ఉండేది, చేదుగా ఉండేది, రోగమొచ్చినప్పుడు తాగేది. గోలీ చాయ్‌లో భాగం. పక్కనే ఉన్న నాకూ అది మందని తోచలేదు.

ఉప్పు మానేసింది మహాతల్లి. పచ్చిపులుసులో కూడా వేసుకోలేదు. మామిడి తొక్కు జాడీని పక్కింటికి పంపేసింది. ముద్ద గొంతు దిగక కళ్లనీళ్లు పెట్టుకునేది, కానీ మాట తప్పలేదు. అంత కష్టమైనది చేసి చూపించిన మనిషి, సులువైనది చేయలేదు. చేయాలని ఆమెకు తెలియదు. కాళ్లు బరువెక్కి ఒళ్లు నొప్పులు పెరిగినకొద్దీ గోలీలూ పెరిగాయి.

మళ్లీ దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టరు పరీక్షల కాగితాలు చూసి మొహం చిట్లించారు. ఇంత పథ్యం చేస్తుంటే ఇంత తొందరగా ఎందుకు దిగజారిందో ఆయనకు అంతు పట్టలేదు. అత్త వక్క కోసం కొంగు ముడి విప్పింది. గోలీలు బల్ల మీద దొర్లాయి.

"ఇవేంటమ్మా?"

"గోలీలు సారూ. పనికి పొయ్యే ముందు ఏసుకుంటం."

ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని చూశారు. "ఇవి కిడ్నీలను తినేస్తాయమ్మా. బాగున్న కిడ్నీలు కొంత తట్టుకుంటాయేమో. మీవి తట్టుకోలేవు. వాపు కూడా వీటితో పెరుగుతుంది. ఏ నొప్పికైనా సరే, నన్నడగకుండా బిళ్ల వేసుకోవద్దు" అన్నారు. జబ్బు వీటివల్లే వచ్చిందా అని నేనడిగాను. మొదట దేనివల్ల వచ్చిందో చెప్పలేనన్నారు. మిగిలి ఉన్నది వీటితోనే పోయిందన్నారు.

బస్సులో అత్త కిటికీలోంచి చూస్తూ, "మందని ఒక్కడన్న చెప్పలే గద బిడ్డా" అంది. ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

ఆ రోజే గోలీ మానేసింది. రాత్రిళ్లు మూలుగుతుంటే ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి భుజాలకు కాపడం పెట్టేదాన్ని. "తినొద్దన్న ఉప్పు గిట్లన్న అక్కరకొచ్చింది" అని నవ్వేది. ఓపిక ఉన్నన్నాళ్లు తోట గేటు దాకా నడిచి వెళ్లి ఆడవాళ్లకు చెప్పింది. "జర ఇనుండ్రే. కాళ్లు ఉబ్బినోళ్లు గది ముట్టకుండ్రి" అని బతిమాలింది. వాళ్లు సరేనన్నారు. ఆమె వెనక్కి తిరగగానే చాయ్, గోలీ అందుకున్నారు. పొద్దంతా చేతులెత్తి నిలబడాల్సినవాళ్లు మరేం చేస్తారు?

దినం నాడు తోట ఆడవాళ్లంతా వచ్చారు. అత్తతో పాతికేళ్లు కలిసి పనిచేసిన ఆమె గుమ్మం దగ్గర కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. నేను చాయ్ ఇచ్చాను. ఆమె కళ్లు తుడుచుకుని, కొంగు ముడి విప్పి, గోలీ తీసింది. నా చూపు ఆమె కాళ్ల మీద పడింది. కడియాలు సగం చర్మంలోకి దిగి ఉన్నాయి.

గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, మందు గాదు ఇది" అందామె.

నేను వదల్లేదు. ఆమె లాక్కోలేదు. చాయ్ చల్లారింది. మా ఇద్దరి అరచేతుల మధ్య గోలీ చెమటకు తడిసి, మెల్లగా పిండిలా అయింది.