సౌండు డ్రైవరును పట్టుకున్నదెవరు?

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే రకం కాదు. మా ఇంట్లో పాలు పొంగితే స్వర్ణముఖికి వరదొచ్చిందని వీధంతా చాటి పెరిగినవాణ్ణి. కాబట్టి మీకు ఎక్కువనిపించినచోట కాస్త తగ్గించుకుని చదువుకోండి. ఎంత తగ్గించాలో మాత్రం నన్నడగొద్దు, నాకూ తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతి బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. సెంటరంటే అగ్గిపెట్టె. ఒకరు తుమ్మితే ఆ వరసలో అందరూ కీబోర్డులు తుడుచుకోవాల్సిందే. ఓనరు అంతకుముందు నగరి నుంచి చీరలు తెచ్చి అమ్మేవాడు. వైరస్‌లు రావని ఎవరో చెబితే చెన్నై నుంచి ఒకాయన్ను పిలిపించి కంప్యూటర్లన్నిటికీ లినక్స్ వేయించాడు. ఆ వేసినాయన పోయినవాడు పోయినట్టే, మళ్లీ తడ దాటి ఇటు రాలేదు. ఆయన పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసిన పుణ్యానికి నేను నిపుణుణ్ణయిపోయాను.

ఒక శుక్రవారం పొద్దున పక్కసందులో పరుపులు కుట్టే సాయిబు, చేతుల్లో గుడ్డలో చుట్టిన పసిబిడ్డతో వచ్చాడు. మైకూ హెడ్‌ఫోనూ ఉన్నది ఓనరు బల్ల మీది కంప్యూటరుకే. తిన్నగా దాని ముందుకొచ్చి కూర్చున్నాడు.

"అబ్బయ్యా, కువైట్‌లో ఉండే మా కొడుకు ఇబ్బుడు దీంట్లోకి వస్తాడంట. బిడ్డ చెవిలో అజాన్ సెప్పల్లంట."

"నువ్వు సెప్పలేదా భాయ్?" అన్నాడు ఓనరు.

"పుట్టిన పూటే సెప్పినా. వాడు ఒప్పుకోవల్ల గదా! నా బిడ్డ చెవిలో నా గొంతు పడకపోతే ఎట్ల అని పట్టుబట్టినాడు."

ఆ కొడుకు కువైట్‌లో ఒక సేటు ఇంట్లో కారు నడుపుతాడు. సేటును బజారు దగ్గర దించి, ఆయన తిరిగి కారెక్కేలోపల అక్కడి సెంటరుకు పరిగెత్తి వచ్చాడు. మళ్లీ ఎప్పుడు వీలవుతుందో వాడికే తెలియదు.

చాట్ తెరిచాను. వాడి అక్షరాలు వచ్చాయి. గొంతు రాలేదు. సౌండు వేరేచోట పనిలో ఉందని కంప్యూటరు ఇంగ్లీషులో కసిరింది.

నాకు తెలిసింది ఒకటే వైద్యం. సౌండు కార్డుకూ కంప్యూటరుకూ నడుమ మాటలు మోసే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్ని డ్రైవరంటారు. అది మొరాయిస్తే దించేసి మళ్లీ ఎక్కించమని చెన్నై ఆయన నేర్పాడు. దించమని కొట్టాను. వాడుకలో ఉంది, దిగనంది. ఎంతమంది వాడుతున్నారో చూపించే పట్టీ తెరిచాను. ఒకరు.

ఎవరా ఒకరు? సెంటరంతా చూశాను. కిటికీలో కూర్చున్న కాకి తప్ప ఎవరూ శబ్దం చేయడంలేదు. స్పీకరుకు చెవి ఆనించాను. చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం.

"పక్క ఫోటోస్టూడియో వాడు మన సౌండుకు వైరేసుకున్నాడేమో సూడప్పా," అన్నాడు ఓనరు. "పోయినేడు కరెంటు అట్లే లాగినాడు."

చెప్పడానికి సిగ్గే గానీ, వెళ్లి గోడ వెనకాల కూడా చూశాను.

బలవంతంగా దించే దారి కూడా ఒకటుంది. మనిషి పడుకుని ఉండగా నులకమంచం కోడు పీకడం లాంటిది. చెన్నై ఆయన ఒకసారి చేసి చూపించబోతే కంప్యూటరు మొత్తం కొయ్యబారిపోయింది. ఇప్పుడట్లా అయితే లైను పోతుంది. మా టెలిఫోను లైను ఒకసారి పోయిందంటే, మళ్లీ కలిసేలోపల ఈ బిడ్డ పదో క్లాసు పరీక్షలు రాస్తుంది.

"పీకెయ్యప్పా, ఏమయితే అదయితాది!" ఓనరు తొందరపెట్టాడు.

"నీకేం, పీకమంటావు. లైను తెగితే నా కొడుక్కు నువ్వు సెప్పుకుంటావా?" అన్నాడు సాయిబు.

కువైట్ నుంచి అక్షరాలొచ్చాయి. సేటు ఫోన్ చేశాడట, తొందరగా కానివ్వమన్నాడు.

ఆ డ్రైవరును ఏ ప్రోగ్రాం పట్టుకుని ఉందో చెప్పే ఆదేశం ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది. కొడితే పాటల ప్రోగ్రాం పేరు వచ్చింది. తెర అడుగున దాక్కున్న దాని కిటికీని పైకి లాగాను. స్వామి పాటల డిస్కు చక్కగా తిరుగుతోంది. వాల్యూం మాత్రం సున్నా.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నేనే పెట్టినా," అన్నాడు ఓనరు. "వచ్చినోళ్లు చెవులు పగిలిపోతాండాయంటే గొంతు తగ్గించినా. ఈ కొండ కిందుండి స్వామి పాటను నడిమధ్యలో ఆపుతారా ఎవురైనా?"

"ఎవరికీ వినపడని పాట స్వామికి మాత్రం ఎట్లా వినపడుతుందన్నా?" అన్నాను.

"ఆయనకు వాల్యూమెందుకప్పా!"

మూసేసే గుర్తు మీద మౌసు పెట్టి ఓనరు వైపు చూశాను.

"మూసెయ్," అన్నాడు. "ఉండుండు. సరే, మూసెయ్. వద్దు, ఉండు."

సాయిబు బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, "ఇంకెంత ఉండాదప్పా?" అన్నాడు.

"మంగళహారతి ఒకటే," అన్నాడు ఓనరు.

"అయితే కానీ. మాకాడా అంతే, అజాన్ మధ్యలో ఆపేది ఉండదు. గొంతు పెంచు, అందరం ఇందాం. ఊరికే పాడిపోతాంటే ఎట్ల?"

పెంచాను. హారతి అయ్యేదాకా ఆగమని కువైట్‌కు కొట్టాను. ముందు ఒక ప్రశ్నార్థకం వచ్చింది. తర్వాత, "మీరు యాడుండారు, కొండమీదా?" అని వచ్చింది. సేటు మళ్లీ ఫోన్ చేస్తున్నాడని కూడా వచ్చింది. సాయిబు కళ్లు మూసుకుని తలూపుతున్నాడు. అది పాటకో, బిడ్డను జోకొట్టడానికో నాకు అర్థం కాలేదు.

హారతి అయింది. పాటల కిటికీ మూశాను. పట్టీలో ఒకటి పోయి సున్నా వచ్చింది. డ్రైవరు పెళ్లికొడుకులా దిగి, పెళ్లికొడుకులా మళ్లీ ఎక్కింది. హెడ్‌ఫోను బిడ్డ తలకంటే పెద్దది. సాయిబు దాని ఒక వైపును కుడిచెవి దగ్గర పట్టుకున్నాడు. కువైట్ నుంచి గొంతు గంట కొట్టినట్టు ఖణేల్మని వచ్చింది. సెంటర్లో అందరూ కీబోర్డుల మీంచి చేతులు తీసేశారు.

కాకీ, ఫోటోస్టూడియో గోడా నిజమే. ఎవరికీ వినపడని పాట డ్రైవరును పట్టుకుని దిగనివ్వలేదన్నది అంతకన్నా నిజం. నేను కల్పించింది ఆ ఖణేల్మన్న గొంతునే. అది నీళ్లడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది, అడుగడుక్కీ తెగింది. తెగినచోటల్లా ఆ ముక్కను ముసలాయన వంగి బిడ్డ చెవిలో తానే చెప్పాడు. ఏది తండ్రి గొంతో, ఏది తాత గొంతో పక్కనే ఉన్న నాకే తెలియలేదు.

చివర్న కువైట్ నుంచి అక్షరాలు వచ్చాయి: "మొత్తం పడిందా?"

"అంతా నీ గొంతే పడిందని కొట్టు నాయనా," అన్నాడు సాయిబు.

కొట్టాను.