లైన్ జడ్జి కుర్చీలో అభిమాని

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట చేతులతో ఆడాను, తర్వాత నోటితో. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. ధైర్యం అన్నానా? పిరికితనం అనాలి.

పదేళ్ళ వయసు నుంచీ నాకు ఒక బాడ్మింటన్ ఆటగాడంటే పిచ్చి. పేరు చెప్పను. ఇప్పుడు మసాజ్ కుర్చీల ప్రకటనలో వెనక్కి వాలి నవ్వుతున్నాడే, ఆయనే. ఆయన ఓడిన రోజు అన్నం ముట్టేవాణ్ణి కాదు. ఆయన ఆట ఉందంటే, ఎప్పుడూ ఉతకని పసుపు చొక్కా తగిలించుకుని, మామక్ టీ కొట్లో టీవీ ముందు ఒకే కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ కంపుకి పక్కవాళ్ళు లేచిపోయినా, ఆయన గెలుపులో నా చొక్కాకీ వాటా ఉందనుకునేవాణ్ణి. గ్లవ్స్ ఫ్యాక్టరీలో డబ్బాలు అంటించే మొహానికి! ఈ తెలివితక్కువతనాన్ని భక్తి అనేవాణ్ణి.

ఆయన్ని దగ్గరగా చూడొచ్చనే లైన్ జడ్జి శిక్షణకి వెళ్ళాను. పని తేలికే. షటిల్ గీత బయట పడితే రెండు చేతులూ చాపాలి. లోపల పడితే చేత్తో గీతను చూపాలి. కనబడకపోతే రెండు చేతులతో కళ్ళు మూసుకోవాలి, అంపైర్ తేలుస్తాడు. అందులో నామోషీ ఏమీ లేదని మాకు మూడుసార్లు చెప్పారు.

మోకాలి గాయం నుంచి కోలుకున్న ఏడాది ఆయన మలేషియాలో మా ఊరు సుంగై పెటానిలో పోటీకి వచ్చాడు. సెమీఫైనల్లో ఆయనకి ఎదురు మా పక్కింటి సింహాచలం. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఫైనల్ చేరితే రాష్ట్ర జట్టులో చోటిస్తామని కోచ్ వాడికి మాటిచ్చాడు. ఆ సంగతి వాళ్ళింట్లో, వాళ్ళమ్మ చేసిన పులిహోర తింటూ విన్నాను.

మూడో గేమ్. సింహాచలానికి ఇరవై, ఆయనకి పంతొమ్మిది. ఇంకొక్క పాయింటు. వాడు వెనక గీత మూలకి కొట్టాడు. నేను చూడాల్సింది గీతను. నేను చూస్తున్నది ఆయన మణికట్టును. తల తిప్పేసరికి షటిల్ నేల మీద దొర్లుతోంది. కళ్ళు మూసుకోవాలి కదా?

రెండు చేతులూ చాపాను.

ఎందుకు? ఆయన ఓడిపోకూడదని. అంతకన్నా మర్యాదైన కారణం కోసం ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలేదు. ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. షటిల్ ఎక్కడ పడిందో ఆయనకి కనబడింది. అది లోపలే పడిందని ఆ నవ్వు చూశాకే నాకు తెలిసింది. తెలిసీ మురిసిపోయాను, చూడండి నా బతుకు. తర్వాతి రెండు పాయింట్లూ ఆయనవే.

హాలు బయట కుళాయి దగ్గర సింహాచలం మొహం కడుక్కుంటున్నాడు.

“అన్నా, నువ్వు సూసినావా?”

“సూసినాను. అవుటే లా.” మలేషియా వాళ్ళ “లా” కూడా తగిలించి నమ్మకంగా చెప్పాను.

“నువ్వు సూసినావంటే ఇంకేటి? నానే గట్టిగా కొట్టీసినాను.”

అని తన నీళ్ళ సీసా నాకే ఇచ్చాడు. తాగాను కూడా.

వాడికి మళ్ళీ పిలుపు రాలేదు. ఇప్పుడు లారీలకి టైర్లు మారుస్తున్నాడు. నిరుడు ఆయన ఒక మాల్‌కి వస్తే సిగ్గులేకుండా వరసలో నిలబడ్డాను. ఫోటో తీసి పక్కకి తోశారు. ఆయన నా వైపు చూడనైనా లేదు. వారం రోజులు ఆయన్ని తిట్టుకున్నాను. కానీ ఆయన చేసింది నవ్వడం ఒక్కటే. చేతులు చాపింది నేను.

పోయిన ఆదివారం మా తెలుగువాళ్ళ పోటీల్లో సింహాచలం కూతురు ఆడింది. అన్న కన్ను తప్పదని అందరికీ చెప్పి, వాడే నన్ను గీత దగ్గర కూర్చోబెట్టాడు. మొదటి షటిలే నా ఎదుట పడింది. శుభ్రంగా కనబడింది. అయినా నా చేతులు లేచి కళ్ళు మూశాయి.

“ముసిలోడివైపోనావన్నా!” అని వాడు నవ్వాడు. అంపైర్ ఆ పాయింటు మళ్ళీ ఆడించాడు.

అప్పుడైనా వాడికి చెప్పాల్సింది. చెప్పలేదు, మీకు చెబుతున్నాను. దీంతో నేను మంచివాణ్ణయిపోను, వాడి చోటు వాడికి రాదు. గుండె మాత్రం కొంచెం తేలికైంది, అదీ నా స్వార్థమే.

ఆ సెమీఫైనల్ రోజు షటిల్‌ని నేను చూడలేదు.