మగ్గాలు ఆగిన శుక్రవారం

నా చిన్నప్పుడు షోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇంటి కిందనే ఎనిమిది మరమగ్గాలు ఆడేవి. ఆ మోతలో ఇంట్లో ఏ మాటైనా అరిచే చెప్పుకునేవాళ్లం. నాకు మాట్లాడటమంటే భయం ఉంటుందని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆరో తరగతిలో బడిలో మరాఠీ ఉపన్యాస పోటీకి పేరిచ్చాను. మొదటి వాక్యం చెప్పగానే ఎవరిదో సన్నటి గొంతు మైకులోంచి మైదానమంతా వినిపించింది. అది నాదేనని తెలిసేసరికి నోరు పెగలలేదు. అలాగే దిగి వచ్చేశాను.

పన్నెండు రోజులకు మరో పోటీ. ఈసారీ ఆగిపోతే ఇక ఎప్పుడూ నా పేరు రాయనని మా టీచరు చెప్పింది. 

పక్కింటి అక్క బీడీలు చుట్టేది. ఆమె దగ్గర వాళ్ల తమ్ముడు తెచ్చిచ్చిన టేప్‌రికార్డర్ ఉండేది. నా సంగతి విని, ఉపన్యాసం చెప్పమని రికార్డు చేసింది. తిరిగి వేస్తే మగ్గాల మోత తప్ప ఏమీ లేదు.

"అగో, మగ్గం మంచిగనే మాట్లాడింది. నువ్వేడ వోయినవే?" అని నవ్వింది.

శుక్రవారాలు మా వైపు కరెంటు ఉండేది కాదు. ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదికి మగ్గాలు ఆగగానే అక్క పిలిచింది. టేప్‌రికార్డర్‌లో సెల్లులు నాలుగూ కొత్తవి వేసి మళ్లీ చెప్పించింది. తిరిగి వినగానే నేను చెవులు మూసుకున్నాను.

"బంద్ చెయ్యక్కా! అది నాది కాదు."

"మరెవరిదే, మా అత్తదా? నీ గొంతుకు నువ్వే బెదిరితే ఇంకోళ్లేం ఇంటరు?"

ఆమె ఆపలేదు. బీడీలు చుడుతూనే తొమ్మిదిసార్లు వేసింది. మొదటి మూడుసార్లు ఏడ్చాను. ఆరోసారికి నాలుగు నిమిషాల ఉపన్యాసాన్ని రెండున్నరలోనే ముగించానని గమనించాను. తొమ్మిదోసారికి ఆ గొంతు మా గల్లీలో రోజూ కనబడే మనిషిలా అనిపించింది.

పోటీనాడు మొదటి వాక్యం తరువాత మైకులోంచి అదే గొంతు వచ్చింది. ఆగాను. టీచరు తలెత్తి చూసింది. నా గొంతే, తెలిసిందే అనుకుని రెండో వాక్యం చెప్పాను. అలా చివరిదాకా చెప్పాను. బహుమతి రాలేదు. తరువాతి పోటీకి టీచరు నా పేరు తనే రాసింది.

ఇప్పుడు నాకు అరవై. బీడీ కార్మికుల మీటింగుల్లో మాట్లాడమంటారు. వెళ్లేముందు ఫోన్‌లో రికార్డు చేసి మూడుసార్లు వింటాను. భయం పోయిందంటే అబద్ధమవుతుంది. కానీ మైకులోంచి వచ్చే ఆ మనిషిని చూసి మాత్రం పారిపోను.