కొండ పేలిన తారీఖున పెళ్లి

తణుకు బజారులో మల్లేశ్వరరావు గారిది కిరాణా కొట్టు. పొట్లాలకని తెచ్చిన పాత పేపర్లలో ‘చరిత్రలో ఈ రోజు’ కనిపిస్తే చాలు, ఆ ముక్క చింపి దాచుకుని, మిగతా దాంట్లో చింతపండు కట్టేవారు. ఆయన చదువంతా అదే. పుట్టినరోజని ఎవరైనా చాక్లెట్లు కొంటే, ఆ తారీఖున ఏ రాజు కూలాడో చెప్పి మరీ చిల్లరిచ్చేవారు. జనం నవ్వుకుంటూ పోయేవారు.

కూతురు సత్యకుమారికి నరసాపురం సంబంధం కుదిరాక వచ్చింది అసలు చిక్కు. పురోహితుడు ఏప్రిల్ పదిహేను అన్నారు. ఆ రోజు టైటానిక్ మునిగిందని ఈయన అడ్డం పడ్డారు. నరసాపురానికి ఓడెక్కక్కర్లేదు, బస్సుందని భార్య నాగరత్నం చెప్పి చూసింది. వినలేదు. మే ఆరన్నారు. ఆ తారీఖున అమెరికాలో దిగబోతూ పెద్ద గాలి ఓడ కాలిపోయిందట. ఇక మిగిలింది మే ఎనిమిది. అదీ దాటితే మూఢం. పెళ్లికొడుకు తండ్రి గున్నేశ్వరరావు గారు విసిగిపోయి, పాలకొల్లులో ఇంకో పిల్లని చూసుకుంటామని కబురంపారు.

మల్లేశ్వరరావు గారు కాగితాలు తిరగేసి డీలాపడిపోయారు. మే ఎనిమిదినే మార్టినిక్ అనే దీవిలో కొండ పేలి ఊరు ఊరంతా బూడిదైంది.

నాగరత్నం వంటింట్లో ఏడుస్తూ కూర్చుంటే, సత్యకుమారి కొట్లోకొచ్చింది.

“ఎన్నింటికి పేలిందండీ నాన్నగారూ?”

“పొద్దున్న ఎనిమిదింటికి. వాళ్ల ఎనిమిదంటే మనకి సాయంత్రం ఐదున్నర.”

“మన ముహూర్తం పొద్దున్న తొమ్మిదిన్నరకి కదండీ. అది పేలేసరికి మేం నరసాపురంలో కాఫీ తాగుతుంటాం.”

ఆయన వేళ్ల మీద గంటలు లెక్కేసుకుని, నాలుగింటికల్లా బస్సు కదలాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

పెళ్లిరోజున ఆయన పెళ్లిపీటల వంక కన్నా చేతి గడియారం వంకే ఎక్కువ చూశారు. ఆఖరి బంతిలో పెరుగు వడ్డిస్తుండగానే విస్తళ్లు తీయమన్నారు. మగపెళ్లివారిని నడుం వాల్చనివ్వలేదు.

“ఎండ చల్లారనివ్వండి బావగారూ, మమ్మల్నేమన్నా తరుముతున్నారేంటి?” అన్నారు గున్నేశ్వరరావు గారు. ఈయన బావగారి సంచీ తీసుకెళ్లి బస్సులో పెట్టేశారు. అప్పగింతల్లో ఏడవడానికి నాగరత్నానికి ఐదు నిమిషాలిచ్చారు. ఆవిడ గబగబా ఏడ్చి కళ్లు తుడుచుకుంది.

కూతురికి రెండు మాటలు చెప్పి దిగిపోదామని ఆయన బస్సెక్కారు. పక్క సీట్లో కూర్చుని, చిన్నప్పుడు అది కందిపప్పు బస్తా మీద నిద్రపోవడం, ఊరంతా వెతకడం మొదలుపెట్టి చెబుతున్నారు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, దిగి టీకి వెళ్లాడు.

“ఐదున్నరైందండీ బావగారూ,” అన్నారు గున్నేశ్వరరావు గారు.

“అవనివ్వండి,” అన్నారు మల్లేశ్వరరావు గారు, కండువాతో ముక్కు తుడుచుకుంటూ. “దానికింకా బడిలో వేసిన సంగతి చెప్పలేదు.”