ఝోల, జోలె

సెమిలిగుడలో బస్సు పది నిమిషాలు ఆగుతుందన్నాడు కండక్టరు. అందులో సగం మా నాన్నతో వాదించడానికే పోయింది. నేను దిగి బరా కట్టించుకొస్తానంటే ఆయన ఒప్పుకోడు. “నీకు ఒడియా ఏటొచ్చమ్మి, నేనెల్తాను” అంటాడు. ఆయన దిగితే సీట్లు ఆపడం నా వల్ల కాదు, ఇద్దరివీ పోతాయి. పైగా బొబ్బిలి నుంచి నందపూర్ వచ్చిన ఆరు నెలల్లోనే బడిలో ఒడియా పద్యం అప్పజెప్పినదాన్ని. మాట పడతానా? దిగిపోయాను.

అమ్మకి కోరాపుట్ ఆసుపత్రిలో ఆపరేషనై ఆరో రోజు. తినొచ్చని డాక్టరు చెప్పి రెండు రోజులైనా మెతుకు ముట్టలేదు. ఒళ్లో సత్తువ ఎలా వస్తుందని నాన్నకి ఒకటే బెంగ. ముందురోజు ఆయన బతిమాలితే, సెమిలిగుడ బరా అయితే తింటానేమో, పులుసుండాలి, ఒట్టిది గొంతు దిగదు అందట. బరా అంటే మన గారెలాంటిదే. దాని మీద వేడిగా బఠానీ పులుసు పోస్తారు. ఇంటికి తీసుకెళ్లేవాళ్లకి ఆ పులుసు చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి దారంతో బిగించి ఇస్తారు.

కొట్టు ముందు లారీవాళ్ల గుంపు. నాకు కాలు నిలవలేదు. ఏ ఇంజను చప్పుడైనా మా బస్సే అనిపించి వెనక్కి తిరిగి చూడటం, ఈలోగా నా వరస పోవడం. చివరికి కొట్టాయన నాలుగు బరాలు ఆకులో చుట్టి అడిగాడు.

“ఝోల దెబి?”

జోలె ఇవ్వనా అంటున్నాడనుకున్నాను. చేతిసంచి ఎత్తి చూపించి, “నా, అఛి” అన్నాను దర్జాగా. వద్దు, ఉందని. ఆయన సంచినీ నన్నూ ఒకసారి చూసి, పొట్లం అందులో పడేశాడు. నేను పరుగో పరుగు.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసి అమ్మ తలగడకి ఆనుకుని లేచి కూర్చుంది. పొట్లం విప్పాను. సంచి అడుగంతా తడిమాను. బోర్లించి దులిపాను.

“ఏటెతుకుతన్నావమ్మి?” అంది అమ్మ.

జరిగింది చెప్పాను. నాన్న నెత్తి కొట్టుకున్నాడు. “ఝోలంటే పులుసే, తెలివితక్కువదానా.”

“ఆయన పులుసని అడగొచ్చు కదా” అన్నాను. కోపమంతా కొట్టాయన మీదే. లోపల మాత్రం ఏడుపు తన్నుకొస్తోంది. అమ్మ ఇవాళ కూడా తినదు, నా మూలానే తినదు.

అమ్మ నాకేసి చూసింది. “సంచెత్తి సూపించీసేవా?”

“ఊఁ.”

పొట్ట రెండు చేతులతో అదుముకుని నవ్వడం మొదలెట్టింది. కుట్లు జాగ్రత్తని నాన్న కసురుతున్నా ఆగలేదు. కళ్లు తుడుచుకుని బరా ఒకటి తుంచింది. నా ఖాళీ సంచిలోకి చెయ్యి పెట్టి, ముంచినట్టే ముంచి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మింగింది. నాన్న కిటికీ వైపు తిరిగిపోయాడు.

“కారం కాసింత ఎక్కువేసేడు” అంది. “ఇంకోటి నువ్వే ముంచి పెట్టమ్మి.”