కుడివైపు చెయ్యి

బందరులో మా కింద వాటాలో ఉండే ఆవిడకి ఒక అలవాటుండేది. గుమ్మంలో కూర్చున్నా, బస్సెక్కినా, కూతురు పక్కనుంటే చాలు, ఆ పిల్ల నడుముకి కుడివైపు అరచెయ్యి ఆనించి ఉంచేది.

ఆ అమ్మాయి కడుపులో ఉండగానే స్కానింగులో ఎడమ కిడ్నీకి వాపు కనిపించిందట. పుట్టిన కొన్ని నెలలకే ఆపరేషన్ చేశారు. ఇంటర్‌కి వచ్చినా ఆ కుట్ల గుర్తు ఎడమవైపు అలాగే ఉంది. మరి కుడివైపు చెయ్యెందుకో నాకు అంతుపట్టేది కాదు. పాపం, ఆవిడే పొరబడుతోందేమో అనుకునేదాన్ని.

ఓసారి గుడివాడలో డాక్టరు గారి దగ్గరికి తోడు వెళ్లాను. ఆయన స్కానింగు చూసి, "వాపు కొంచెం అలా కనిపిస్తూనే ఉంటుందమ్మా. కిడ్నీ మాత్రం చక్కగా పనిచేస్తోంది. ఇక ఏటా రానక్కర్లేదు" అన్నారు.

వాపు ఉందంటారు, బాగుందంటారు. నాకేమీ బోధపడలేదు. ఆవిడ మొహంలో ఉన్నది సంతోషమో దిగులో కూడా తెలియలేదు. తిరుగు బస్సులో మళ్లీ చెయ్యి కుడివైపే పెట్టింది. ఉండబట్టలేక అడిగేశాను.

"ఎడమదాన్ని ఇన్నాళ్లూ డాక్టర్లు చూసుకున్నారు వదినగారూ. దీన్నెవరు చూసుకుంటారు?" అంది.

"స్కానింగులో రెండూ చూస్తారమ్మా" అంది కూతురు విసుగ్గా.

"తెలుసులేవే" అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

పెడన దాటాక చూస్తే పిల్ల తల్లి భుజం మీద నిద్రపోతోంది. ఆవిడ రెండో చెయ్యి ఎడమవైపుకి చేరింది.

ఇక రానక్కర్లేదన్నాక ఆవిడకి పని తగ్గిందో పెరిగిందో, నాకిప్పటికీ తెలియదు.